నాలాకి ఉన్న గడువు సెల్లార్‌కి ఎందుకు లేదు?

ఎడిటర్ గారికి నమస్కారం.

నాలాలో పూడిక తీస్తున్న జేసీబీ ఫోటో మీ పేపర్ సిటీ పేజీలో చూశాను. వానలు మొదలయ్యేలోపు పని పూర్తి చేయాలని గడువు పెట్టారని, చాలాచోట్ల ఇంకా సగం కూడా కాలేదని రాశారు. ప్రతి ఏడూ మీరు ఇలా వెంటపడి రాస్తారు కాబట్టే ఆ పని ఎంతో కొంత జరుగుతోంది, అందుకు థాంక్స్. కానీ అదే నాలా పక్కన నాలుగంతస్తుల కమర్షియల్ కాంప్లెక్స్‌లు వరసగా ఉంటాయి కదా, వాటి సెల్లార్లలో నీళ్లు తోడే పంపు పోయిన ఏడు వానలు ఆగిన రోజు నుంచి ఒక్కసారి కూడా తిరిగి ఉండదు. దాని గురించి ఎవరూ అడగరు. దానికి గడువూ లేదు. నేను ఈ ఉత్తరం రాస్తున్నది అందుకే. కొంచెం పెద్దదైంది, ఓపిగ్గా చదవండి.

నేను 26 ఏళ్లుగా హైదరాబాద్‌లో కమర్షియల్ బిల్డింగుల్లోనే పని చేస్తున్నాను. ఎలక్ట్రీషియన్‌గా మొదలుపెట్టి ఇప్పుడు మెయింటెనెన్స్ సూపర్‌వైజర్‌గా ఉన్నాను. మాది నల్లగొండ జిల్లాలో ఒక ఊరు. మా నాయన రోహిణి కార్తె వచ్చేసరికి దుక్కి పూర్తి చేసి, విత్తనాలు తెచ్చిపెట్టుకొని, ఇంటి మీద పగిలిన గూనపెంకులు తీయించి కొత్తవి సర్దించి, ఇక మృగశిర ఎప్పుడొస్తుందా అని ఆకాశం వంక చూసేవాడు. చినుకు పడ్డాక నాగలి కోసం వెతుక్కునే రైతుని ఊళ్లో ఎవరూ రైతని ఒప్పుకునేవాళ్లు కాదు. ఇక్కడ కోట్లు పెట్టి కట్టిన బిల్డింగుల్లో మాత్రం మేం చేసేది అదే. చినుకు పడ్డాక పంపు మెకానిక్‌కి ఫోన్ చేస్తాం. ఆ రోజు వాడికి మనలాంటివే యాభై ఫోన్లు వస్తాయి.

కొన్నేళ్ల కింద నేను పని చేసిన ఒక కాంప్లెక్స్ సంగతి చెప్తాను, పేరు వద్దు. ఏప్రిల్‌లో కమిటీ ముందు ఎస్టిమేట్ పెట్టాను. సెల్లార్ పంపు విప్పి సర్వీసింగ్ చేయడం, నీళ్లు పెరగగానే పంపుని ఆన్ చేసే ఫ్లోట్ స్విచ్ మార్చడం, ర్యాంప్ కింద జాలీ కాలువలో మట్టి తీయించడం, ఇంకా ర్యాంప్ మొదట్లో రోడ్డు నీళ్లు లోపలికి రాకుండా ఉన్న గట్టుని కార్ల అడుగు తగులుతోందని ఎవరో కొట్టించేశారు, దాన్ని మళ్లీ కట్టించడం. అన్నీ కలిపి 38 వేలు. దసరా తర్వాత చూద్దాం అన్నారు. నేనూ గట్టిగా పట్టుబట్టలేదు, ఆ మాట ఇప్పటికీ నన్ను వదలదు.

ఆగస్టులో ఒక సాయంత్రం గంటంబావు ఆగకుండా కొట్టింది వాన. రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లు, అవన్నీ ర్యాంప్ మీదుగా వాగులాగా సెల్లార్‌లోకి. అప్పటికి పాదం లోతే ఉంది కదాని పరుగున దిగి పంపు స్విచ్ వేస్తే మోటార్ మూలిగింది తప్ప తిరగలేదు. పది నెలలు నీళ్లు, బురదలో ఊరకే కూర్చున్న పంపు జామ్ అవుతుంది, అందులో వింతేం లేదు. బిల్డింగ్ మొత్తానికి కరెంటు పంచే మెయిన్ ప్యానెల్ బోర్డ్ కూడా ఆ సెల్లార్‌లోనే, నేల నుంచి అడుగున్నర ఎత్తులో ఉంది. నీళ్లు దాని వైపు పోవడం చూసి పైకి వచ్చేశాను. నిమిషాల్లో నీళ్లు బోర్డు అంచుకి చేరాయి, ఇక మెయిన్ ఆఫ్ చేయడానికి కూడా లోపలికి దిగే వీల్లేదు. కరెంటు వాళ్ల హెల్ప్‌లైన్ 1912కి ఒకపక్క, మా ఏరియా లైన్‌మన్‌కి ఇంకోపక్క ఫోన్ చేస్తూ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే సప్లై ఆపమని బతిమాలుతున్నాను. ఆ టైంలో వాచ్‌మన్ భార్య నా పక్కనుంచే గబగబా ర్యాంప్ దిగబోయింది. వాళ్ల గది సెల్లార్‌లోనే మరి, కొడుకు స్కూల్ బ్యాగు లోపల ఉండిపోయిందట. చెయ్యి పట్టి వెనక్కి లాగి పడేశాను. చాలా గట్టిగా అరిచాను కూడా. తను ఏడుస్తూ, నీళ్లే కదా అనుకున్నా అన్నా, కరెంటు సంగతి నాకు తెలవదు కదా అంది. సప్లై ఆగింది ఆ తర్వాత నాలుగైదు నిమిషాలకి.

ప్యానెల్ పోయింది, లిఫ్ట్ పిట్‌లో నీళ్లు నిండాయి, ఆరు రోజులు బిల్డింగ్‌లో కరెంటు లేదు, పార్కింగ్‌లో ఉన్న బైకులన్నీ మునిగాయి. ఖర్చు ఐదున్నర లక్షలు దాటింది. డబ్బు సంగతి వదిలేయండి, ఆ రోజు నా చేతికి ఆమె చెయ్యి దొరక్కపోతే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు. 2024 జులై 27న ఢిల్లీలో ఓల్డ్ రాజేంద్రనగర్‌లో కోచింగ్ సెంటర్ సెల్లార్‌లో నడుస్తున్న లైబ్రరీలోకి వాన నీళ్లు దూసుకొచ్చి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. ఆ వార్త టీవీలో చూస్తుంటే నాకు మన అశోక్‌నగర్, చిక్కడపల్లి గుర్తొచ్చాయి. గ్రూప్స్ కోసం ఊళ్ల నుంచి వచ్చి స్టడీ హాళ్లలో రాత్రిళ్లు కూర్చునే పిల్లలున్నారు కదా. తల్లిదండ్రులు ఫీజు ఎంత అని అడుగుతారు, ఏసీ ఉందా అని అడుగుతారు. గది నేల మట్టానికి కిందుందా పైనుందా, బయటికి ఎన్ని దార్లు అని కూడా అడగాలి.

వానాకాలంలో కొత్త సెల్లార్ల తవ్వకాలు ఆపమని జీహెచ్ఎంసీ ఏటా చెప్తుంది. సరైన పనే, మట్టి కూలి కూలీలు చనిపోయే ప్రమాదం ఉంటుంది. మరి ఇప్పటికే ఉన్న వేల సెల్లార్ల మాటేమిటి? 2020 అక్టోబర్ 13 రాత్రి వాన అందరికీ గుర్తుండే ఉంటుంది. ఆ తర్వాత సిటీలో నాలాల గురించి చాలా మాట్లాడుకున్నాం, సెల్లార్‌లో ప్యానెల్ బోర్డ్ ఎంత ఎత్తులో ఉండాలి అనే మాట మాత్రం నాకు వినపడలేదు. నన్నడిగితే ముందు అది తేల్చాలి. పాత బిల్డింగుల్లో ప్యానెల్‌ని గ్రౌండ్ ఫ్లోర్‌కి మార్చాలి. చోటు లేకపోతే కనీసం ఛాతీ ఎత్తుకి లేపాలి, బయటనుంచే ఆఫ్ చేసే వీలుండాలి. జనరేటర్ కూడా సెల్లార్‌లోనే పెడుతున్నారు, కరెంటు పోతే పంపుని నడపాల్సింది అదే, ముందు మునిగేదీ అదే.

ఇంత రాశాక ఎండాకాలం గురించి రాయకపోతే తప్పవుతుంది, ఎందుకంటే వానకంటే ఎండాకాలమే నాకు ఎక్కువ టెన్షన్. ఫిబ్రవరి దాకా ఊరకే ఉన్న ఏసీలన్నీ మార్చిలో ఒక్కసారిగా ఆన్ అవుతాయి. ప్యానెల్ లోపల కేబుల్‌ని బిగించే చోట ఒక్క నట్టు వదులైనా చాలు, లోడ్ పెరిగేకొద్దీ అక్కడ వేడెక్కుతుంది, వేడికి ఇంకా వదులవుతుంది, ఇన్సులేషన్ నల్లబడి వాసన వస్తుంది. ఆ వాసన మాకు తెలుసు, కాలిన ప్లాస్టిక్, చేపల వాసన కలిసినట్టు ఉంటుంది. ఫిబ్రవరిలో ఒక ఆదివారం పవర్ మొత్తం ఆపి, ప్యానెల్లన్నీ విప్పి దుమ్ము దులిపి, ప్రతి నట్టూ బిగిస్తే అయిపోయే పని అది. ఒక్క ఆదివారం. ఆ ఒక్క రోజు కరెంటు ఆపడానికి షాపులవాళ్లని ఒప్పించడమే కష్టం, ఆదివారమే కదా గిరాకీ అంటారు. వాళ్ల బాధా నిజమే, కానీ తెల్లవారుజామున నాలుగింటికి మొదలుపెట్టినా పదికల్లా పూర్తి చేయొచ్చు, నేను చేసి చూపించాను.

ఇంకో ప్రమాదకరమైన అలవాటు ఉంది. ఏసీ వేసినప్పుడల్లా ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే దానంతటదే కరెంటు ఆపే స్విచ్) పడిపోతోందంటే ఎందుకో చూడరు, దాన్ని తీసేసి పెద్దది పెట్టించుకుంటారు. అంటే వైరు మోయలేని కరెంటుని కూడా పోనిస్తున్నట్టు. ఎంసీబీ మాటిమాటికీ పడుతోందంటే అది మనల్ని కాపాడుతోందని అర్థం. దయచేసి ఈ ఒక్క ముక్క మీ పేపర్లో పెద్ద అక్షరాల్లో వేయండి.

సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో 2023 మార్చి 16 సాయంత్రం మంటలు లేచి ఆరుగురు చనిపోయారు. అందరూ పాతికేళ్లలోపు వాళ్లే, వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం వైపు నుంచి ఉద్యోగం కోసం వచ్చిన పిల్లలు. మంటల కంటే ముందు పొగ వాళ్లని చంపింది. అంతకు ఆరు నెలల ముందు, 2022 సెప్టెంబర్ 12న, సికింద్రాబాద్‌లోనే కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్, పైన లాడ్జి ఉన్న బిల్డింగ్‌లో 8 మంది పోయారు, అక్కడా పొగే. 2025 మే 18న పాతబస్తీలో గుల్జార్ హౌజ్ దగ్గర కింద షాపులు, పైన ఇల్లు ఉన్న భవనంలో 17 మంది పోయారు, అందులో చిన్నపిల్లలు ఉన్నారు, బయటికి రావడానికి ఇరుకు దారి తప్ప ఇంకోటి లేదు. ప్రతిసారీ పేపర్లలో షార్ట్ సర్క్యూట్ అని వస్తుంది. షార్ట్ సర్క్యూట్ అంటే ఏదో పిడుగులాగా పైనుంచి పడేది అన్నట్టు చదివి ఊరుకుంటాం. చాలాసార్లు దాని వెనుక నెలల తరబడి ఎవరూ విప్పి చూడని ప్యానెల్ ఉంటుంది, రాగి వైరుకి అల్యూమినియం వైరు మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు ఉంటుంది. పొగ మనుషుల్ని చంపడానికి కారణం మెట్లు. మా కాంప్లెక్సుల్లో బట్టల షాపులవాళ్లు ఆషాఢం సేల్‌తో మొదలుపెట్టి దీపావళి దాకా సరుకంతా మెట్ల మీద అట్టపెట్టెల్లో పేరుస్తారు. ఏడాదిలో జనం ఎక్కువ వచ్చే నెలల్లోనే మెట్లు మూసుకుపోయి ఉంటాయి. నేను వెళ్లి తీయమంటే అన్నా రెండ్రోజులే అంటారు, ఆ రెండ్రోజులు కార్తీకం దాకా సాగుతాయి.

ఫైర్ సిలిండర్ ముల్లు పచ్చ గీత మీద ఉందో లేదో చూడటానికి నిమిషం పట్టదు, ఆఫీసులో ఎవరైనా చూడొచ్చు. షాపు బోర్డులో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్) మీద టెస్ట్ అని చిన్న బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కితే టక్కున పడిపోవాలి, పడకపోతే అది ఉన్నా లేనట్టే. వాన పడినప్పుడు షట్టర్ ముట్టుకుంటే షాక్ కొడుతోందని చెప్పేవాళ్లకి ఆ షాక్‌కీ ఈ స్విచ్‌కీ ఉన్న సంబంధం తెలియదు. ఎర్తింగ్ వైరు భూమిలోకి దిగే ఎర్త్ పిట్‌లో ఎండాకాలం నీళ్లు పోయాలన్న సంగతి కూడా చాలామంది మర్చిపోయారు, నేల పూర్తిగా ఎండిపోతే ఎర్తింగ్ సరిగ్గా పని చేయదు, వారానికి రెండు బకెట్లు పోస్తే చాలు.

ఇక డాబా. వానాకాలంలో డాబా ఎక్కి, నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయి, కింద స్లాబులో ఏ మూల చెమ్మ దిగుతోంది అని చాక్‌పీసుతోనో బొగ్గుతోనో గుర్తు పెట్టుకోవాలి. ఎందుకంటే ఎండాకాలం వచ్చేసరికి అంతా ఆరిపోయి ఎక్కడ కారిందో కనిపించదు. లీకేజీ వెతకాల్సింది వానలో, బాగు చేయాల్సింది ఎండలో. మనవాళ్లు తిరగేసి చేస్తారు. ఎండల్లో గుర్తుండదు, జూన్‌లో నాలుగు చినుకులు పడ్డాక కాంట్రాక్టర్‌ని పిలిచి తడి స్లాబు మీద వాటర్ ప్రూఫింగ్ వేయిస్తారు, ఆగస్టుకి అది పొక్కులు లేచి పొరలుగా ఊడిపోతుంది, కెమికల్ మంచిది కాదని కాంట్రాక్టర్‌ని తిడతారు. వాన నీటి పైపుల్లో పావురాల ఈకలు, రెట్టలు, ఫ్లెక్సీ ముక్కలు ఇరుక్కుంటాయి, పైపు మూసుకుపోతే పిట్టగోడ లోపల డాబా చెరువవుతుంది. ఫ్లెక్సీలు అంటే గుర్తొచ్చింది, ఏప్రిల్, మే గాలిదుమారాలకి పైన తుప్పు పట్టిన బోర్డు ఫ్రేములు ఊడి రోడ్డు మీద పడే ప్రమాదం ఉంది, వాటినీ అప్పుడే చూసుకోవాలి. విశాఖలో ఉండే మా బావమరిదికి ఇదంతా చెప్తే, మాకు అసలు భయం అక్టోబర్‌లో మొదలవుతుంది అన్నాడు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు షోరూముల అద్దాలు ఎలా పగిలి పడ్డాయో వాడు కళ్లారా చూశాడు. కాబట్టి కోస్తాలో ఈ పనుల నెలలు వేరు, ఒకే క్యాలెండర్ అందరికీ సరిపోదు.

ఈ పనుల్లో మనసుకి బాధ కలిగించేది ఇంకొకటి చెప్పాలి. వానలకి ముందు సెప్టిక్ ట్యాంకులు, మురుగు గుంతలు శుభ్రం చేయించడానికి మనిషిని లోపలికి దించుతారు, ఇప్పటికీ. పాకీ పనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం, రక్షణ పరికరాలు లేకుండా అలా దించడం నేరం. లోపల విషవాయువు ఉంటే ఒకరు పడిపోతారు, కాపాడదామని దిగిన రెండోవాడూ పోతాడు. మిషన్ వచ్చి తీసే సౌకర్యం ఉంది, ఖర్చు కాస్త ఎక్కువ, అంతే. నా చేతి కింద ఎవర్నీ దించనివ్వను. దించమన్న చోట పని మానేసి వచ్చాను ఒకసారి.

ఇవన్నీ తెలియక జరగట్లేదు. ఎవరు చేయాలన్నదే తేలదు. ఒక కాంప్లెక్స్‌లో నలభై షాపులుంటే నలభై మంది ఓనర్లు. ఒకాయన డల్లాస్‌లో ఉంటాడు, అద్దె మాత్రం బ్యాంకులో పడుతుంది. ఇంకొకాయన పోయాడు, పిల్లల మధ్య కేసు నడుస్తోంది. అద్దెకున్నవాళ్లు, బిల్డింగ్ మాది కాదు కదా, ఓనర్ చూసుకోవాలి అంటారు. ఓనర్లు, వ్యాపారం చేసుకునేది వాళ్లు, వాళ్లే చూసుకోవాలి అంటారు. చదరపు అడుగుకి ఇంత అని వసూలు చేసే మెయింటెనెన్స్ డబ్బులు వాచ్‌మన్ జీతం, ఊడ్చేవాళ్ల జీతం, లిఫ్ట్ కాంట్రాక్టు, కామన్ కరెంటు బిల్లుకే సరిపోతాయి, అవీ సగం మంది మూడు నెలలు ఆలస్యంగా ఇస్తారు. షాపులు, ఆఫీసులు ఉండే బిల్డింగ్ 15 మీటర్ల ఎత్తు దాటితే ఫైర్ ఎన్ఓసీ, అంటే ఫైర్ శాఖ అనుమతి కావాలి, అక్కడ కనీసం అడిగేవాళ్లు ఉంటారు. దానికి ఒక మీటరు తక్కువ కట్టిన బిల్డింగుల్లో చాలావాటి మొహం చూసేవాళ్లే లేరు. ట్రేడ్ లైసెన్స్ ఏటా రెన్యువల్ చేయించుకుంటాం, దాని ఫీజు రోడ్డు వెడల్పు, షాపు విస్తీర్ణం బట్టి లెక్క కడతారు. ఆ షాపు ఉన్న బిల్డింగ్ ప్యానెల్ ఎప్పుడు విప్పి చూశారో ఎవరూ అడగరు.

నేను కోరేది పెద్ద చట్టం కాదు. ట్రేడ్ లైసెన్స్ రెన్యువల్‌కి ఒక కాగితం జత చేయమనండి. ప్యానెల్ ఏ తేదీన బిగించారు, సెల్లార్ పంపు ఏ తేదీన నడిపి చూశారు, మెట్లు ఖాళీగా ఉన్నాయా, పని చేసిన ఎలక్ట్రీషియన్ లైసెన్స్ నంబర్, సంతకం. అదే కాగితం బిల్డింగ్ గేటు దగ్గర, లిఫ్ట్ పక్కన గోడకి అంటించాలి. అక్కడికి వచ్చే కస్టమర్, ఉద్యోగం చేసే అమ్మాయి, స్టడీ హాల్లో చేరే పిల్లాడి తండ్రి, ఎవరైనా చదువుకోగలగాలి. వాచ్‌మన్ కుటుంబాలు సెల్లార్‌లో ఉండకూడదని కూడా రాయాలి, వాళ్లకి పైన ఎక్కడో ఒక గది ఇవ్వలేనంత పేదవి కావు ఈ బిల్డింగులు. తప్పుడు కాగితాలు పుడతాయని నాకూ తెలుసు, కానీ గోడ మీద తేదీ ఉంటే అబద్ధం చెప్పినవాడి పేరైనా బయటికి వస్తుంది.

మీకూ ఒక విన్నపం. నాలాల గురించి రాసినట్టే ఫిబ్రవరిలో ఒకసారి, మే నెల మొదట్లో ఒకసారి సిటీ పేజీలో సెల్లార్ల గురించి, ప్యానెల్ గదుల గురించి రాయండి. ఫోటోగ్రాఫర్‌ని పంపండి, ఏ మెట్లు ఎలా ఉన్నాయో ఫోటోలు వేయండి. ప్రమాదం జరిగిన మర్నాడు మొదటి పేజీలో మీరిచ్చే చోటులో నాలుగో వంతు చాలు.

ఇప్పుడు నేను చేస్తున్న కాంప్లెక్స్‌లో ఈ ఏడాది ఎస్టిమేట్ కమిటీకి ఇచ్చి మూడు వారాలైంది, వచ్చే ఆదివారం మీటింగ్ ఉంది. ఈసారి దసరా తర్వాత అంటే ఒప్పుకోను. ఈలోపు పంపుని నా చేత్తో విప్పి శుభ్రం చేసి పెట్టాను, రోజూ పొద్దున వచ్చాక సంపులో కాసిన్ని నీళ్లు పోసి పది నిమిషాలు నడుపుతున్నాను. మృగశిర దగ్గరపడుతోంది.

ఇట్లు,
ఒక మెయింటెనెన్స్ సూపర్‌వైజర్,
హైదరాబాద్